నాయనకు వినిపించిన నంబరు

దయ్యాలూ గాలీ ధూళీ అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. చిన్నప్పుడు జ్వరమొచ్చి అమ్మ తాయెత్తు కట్టిస్తే, ఆమె అటు తిరగగానే విప్పి పారేసేదాన్ని. ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా దయ్యం అనడం లేదు. ఏమనాలో తెలియకే రాస్తున్నాను.

మాది నగరి. నేను ఇంట్లో కూర్చునే ఒక చెన్నై కంపెనీకి కంప్యూటర్ పని చేస్తాను. నాయన బతుకంతా మరమగ్గాల మధ్యే గడిచింది. ఆ చప్పుడే ఆయన చెవులను తినేసింది. తిరుపతిలో చూపించాం, చెన్నైలో చూపించాం. చెవికి మిషన్ పెట్టినా లాభం లేదన్నారు. కొన్నేళ్లుగా ఆయనకు పిడుగు పడినా వినబడదు. నేను చెప్పాలనుకున్నది ఫోన్‌లో టైపు చేసి చూపిస్తాను. ఆయన నోటితోనే జవాబిస్తాడు, కాస్త గట్టిగా.

మాట వినబడని మనిషి పక్కన ఎవరు మాత్రం ఎంతసేపు కూర్చుంటారు? టీ అంగడి దగ్గర స్నేహితులు మెల్లగా తగ్గిపోయారు. ఆయనా వెళ్లడం మానేశాడు. ఇంట్లో ఉన్నా లేనట్టే ఉండేవాడు. అమ్మ అది చూసి వంటింట్లో కళ్లు తుడుచుకునేది.

నాకు కంప్యూటర్‌లో విమానం నడిపే పిచ్చి ఉంది. దాన్ని ఆట అంటే మాకు కోపం. నాలాంటివాళ్లు ఇంటర్నెట్‌లో కలుసుకుంటారు. కొందరు పైలట్లు, కొందరు కింద నుంచి దారి చెప్పే కంట్రోలర్లు. అసలు ఆకాశంలో ఎలా జరుగుతుందో అచ్చం అలాగే జరగాలని మా పట్టుదల.

నేలను మండలాలుగా పంచినట్టు ఆకాశాన్ని కూడా ముక్కలు చేసి ఉంటారు. వాటిని సెక్టార్లంటారు. ఒక్కో సెక్టారుకు ఒక్కో రేడియో నంబరు, అంటే ఫ్రీక్వెన్సీ. విమానం హద్దు దాటగానే పైలట్ కొత్త నంబరుకు మారి అక్కడి కంట్రోలరును పలకరించాలి.

చెన్నై నుంచి తిరుపతి దాకా ఉన్న ఆకాశానికి మ్యాప్ గీసే పని మా బృందం నాకు అప్పగించింది. హద్దుల వివరాలు ప్రభుత్వం బయటపెట్టే పత్రాల్లోనే ఉంటాయి. కానీ అన్నీ ఒకచోట ఉండవు. వెతికి, ఒక్కో బిందువునూ కలుపుతూ గీశాను. తీరా మా నగరి మీదున్న ముక్క దగ్గర ఆగిపోయాను. ఒక పత్రంలో ఒక నంబరు, ఇంకోదానిలో ఇంకోటి. బృందంలో అడిగితే కొందరు ఇదన్నారు, కొందరు అదన్నారు. అసలు విమానాల మాటలు వినే రేడియో మా ఇంట్లో లేదు. అనుమతి లేకుండా పెట్టుకోకూడదు కూడా.

మధ్యాహ్నం అన్నం తిన్నాక నాయన నా పక్కన కుర్చీ వేసుకుని తెర చూసేవాడు. మనిషి ముక్కులా ఉండే మా నగరి కొండ కనబడితే, "మన కొండే గానీ, ముక్కు సరిగ్గా దింపలేదు పాపా" అనేవాడు. ఆయన నోటి నుంచి ఆ రోజుల్లో వచ్చిన మాటలు అంతే.

ఆ రోజు కూడా అలాగే కూర్చున్నాడు. ఉన్నట్టుండి కరెంటు పోయింది. వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఇంటర్నెట్ పెట్టె ఆరిపోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది గానీ బయటి ప్రపంచంతో దానికి సంబంధం లేదు. నేను హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను.

"పాపా, ఎవురో పిలస్తా ఉండారు. పలుకు" అన్నాడు నాయన.

వాకిలి వైపు చూశాను. ఎవరూ లేరు. ఎవరైనా ఉన్నా ఆయనకెలా తెలుస్తుంది? నా ముఖం చూసి, "ఆడ కాదు, ఈడ" అంటూ హెడ్‌ఫోన్ తీసి చెవికి ఆనించుకున్నాడు.

తల ఊపడం మొదలుపెట్టాడు, ఎదుటి మనిషి మాట వింటున్నవాళ్లు ఊపినట్టు. ఆయన అలా తల ఊపగా చూసి ఎన్నేళ్లయిందో. మెల్లగా అంకెలు చెప్పసాగాడు. "ఒకటి... మూడు..." మధ్యలో "సుక్కంట" అన్నాడు, నంబరు నడుమ వచ్చే పాయింటును. మళ్లీ అంకెలు.

నేను వాటిని ఫోన్‌లో కొట్టి చూపించాను. అవునన్నాడు. చివరి అంకెలు నా దగ్గరున్న రెండు నంబర్లలో దేనితోనూ కలవలేదు.

హెడ్‌ఫోన్ లాక్కుని నా చెవికి పెట్టుకున్నాను. ఏమీ లేదు. బరబర కూడా లేదు. వంటింట్లోంచి వచ్చిన అమ్మకు ఇచ్చాను. ఆమెకూ ఏమీ వినబడలేదు. తిరిగి నాయనకిచ్చాను. ఆయన కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి.

"మనిషి గొంతు పాపా. మనిషి గొంతు" అన్నాడు.

తెలుగా, అరవమా, ఇంగ్లీషా అని టైపు చేసి అడిగాను. "అది తెలీలేదు. అర్థమైతే అయినాది" అన్నాడు. తర్వాత, "శానాసేపటి నించి పిలస్తా ఉండాడంట, పాపం. ఎవురూ పలకలేదంట. ఒక్క మాట పలకమ్మా, ఏం పోతాది?" అని బతిమాలాడు.

ఆయన కోసమే మైకు బటన్ నొక్కాను. "వినబడుతోందండీ" అన్నాను.

నాయన ముఖం విప్పారింది. "సరేనన్నాడు. ఎల్లిపోయినాడు" అని హెడ్‌ఫోన్ బల్ల మీద పెట్టేశాడు.

కాసేపటికి కరెంటు వచ్చింది. వీధిలో మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి. ఆ చప్పుడుకు అమ్మా నేనూ ఉలిక్కిపడ్డాం. నాయన పడలేదు.

ఆ వారంలోనే మళ్లీ తిరుపతి తీసుకెళ్లి పరీక్ష చేయించాం. చెవుల్లో ఏ మార్పూ లేదు. వినికిడి పోయినవాళ్లకు మెదడే గొంతులు పుట్టిస్తుందని డాక్టరు ఓపికగా చెప్పారు. నమ్మాను. ఇప్పటికీ ఆ మాట నమ్ముతాను.

అయితే కొన్నాళ్లకు ప్రభుత్వ పత్రాల్లో కొన్ని పేజీలు మారాయి. మ్యాప్ సరిచూసుకుందామని తెరిచాను. మా నగరి మీది సెక్టారుకు కొత్త నంబరు ఇచ్చారు. ఫోన్‌లో నేను కొట్టుకున్న అంకెలే. ఒక్కటి కూడా తప్పలేదు.

అంతకుముందు నా తెర మీద ఎక్కడైనా ఆ నంబరు కనబడిందేమో, నాయన అది చూసి చెప్పాడేమోనని నేను తెరిచిన పత్రాలన్నీ మళ్లీ వెతికాను. ఎక్కడా లేదు. బృందంలో ఒకరిద్దరికి చెబితే కాకతాళీయం అన్నారు. కావచ్చు. నేను వాదించలేదు.

నాయనకు ఆ తర్వాత ఏ గొంతూ వినబడలేదు. కానీ మనిషి మారాడు. టీ అంగడికి వెళ్తున్నాడు. వినబడకపోయినా నలుగురిలో కూర్చుని తన మాట తాను చెప్పి వస్తున్నాడు. మధ్యాహ్నం మాత్రం హెడ్‌ఫోన్ పెట్టుకుని నా పక్కన కాసేపు ఊరికే కూర్చుంటాడు.

పిలిచింది ఎవరో, ఎవరిని పిలిచారో, చెవులు వినబడని ఆయనకే ఎందుకు వినబడిందో నాకు ఈ రోజుకీ అంతుబట్టలేదు. ఇంకా దేనికి హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చోవడం అని మొన్న నాయనకే టైపు చేసి చూపించాను.

చదివి, ఇది కూడా తెలియదా అన్నట్టు నా వైపు చూశాడు.

"మళ్లా పిలిస్తే? ఎవురో ఒకరు పలకాల గదమ్మా."