సిగ్గరి కాళ్లు

నా మనవరాలికి రెండు వయసులు ఉన్నాయి. పుట్టిన రోజు నుంచి లెక్కపెట్టేది ఒకటి, పుట్టవలసిన రోజు నుంచి లెక్కపెట్టేది ఇంకొకటి. రెండింటికీ మధ్య తొమ్మిది వారాల తేడా. ఈ రెండో వయసు సంగతి చెప్పింది జనగామ దవాఖానలో పిల్లల డాక్టరు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు ఎప్పుడు బోర్లపడాలో, ఎప్పుడు కూర్చోవాలో ఆ రెండో వయసుతోనే చూడాలట. మా ఇంట్లో దాన్ని నమ్మినవాణ్ని నేనొక్కణ్నే.

మాది దేవరుప్పుల పక్క ఊరు. నేను పదో తరగతి దాటలేదు. వ్యవసాయం కాక నాకున్న ఇంకో పని పొలాలు కొలవడం. సర్కారు సర్వేయరు వచ్చేలోపు అన్నదమ్ములు తలలు పగలగొట్టుకోకుండా ఉండాలని నన్ను పిలుస్తారు. వంకర పొలం చెక్కను త్రికోణాలుగా విడగొట్టి, టేపు పట్టి, ఎన్ని గుంటలో చెబుతాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చేయగా చేయగా వచ్చింది. కొలిచాక ఇద్దరు అన్నదమ్ములూ నా మీద కోపంగా ఉంటే లెక్క సరిపోయిందని అర్థం.

తొలి కాన్పు కనుక మా బిడ్డ మా ఇంటికి వచ్చింది. ఆమె అత్తగారిది మరిపెడ. అల్లుడు భూపాలపల్లిలో బొగ్గు గనిలో పని చేస్తాడు. వచ్చి బట్టలు సర్దుకుందో లేదో నొప్పులు మొదలయ్యాయి. జనగామకు తీసుకుపోయాం. ముప్పై ఒక్క వారాలకు ఆడపిల్ల పుట్టింది. గాజు పెట్టెలో పెట్టారు. నా రెండు అరచేతులు కలిపితే అందులో చోటు మిగిలేంత పిల్ల.

మా దిక్కు ఒక మాట ఉంది. ఏడో నెల పిల్ల దక్కుతుంది, ఎనిమిదో నెల పిల్ల దక్కదు. ఆ మాటలో లెక్క ఎక్కడుందో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక నెల ఎక్కువ పెరిగిన పిల్లే కదా గట్టిగా ఉండాలి. కానీ వార్డు బయట కూర్చున్న ఆడవాళ్లందరూ ఆ మాటే అడుగుతున్నారు.

"ఎన్నో నెల పిల్ల?" అని ఎవరో అడిగితే నేను జవాబు చెప్పబోయాను. "ముప్పై ఒక్క వారాలంటే ఏడు నిండి ఎనిమిది నడుస్తాంది."

నా భార్య నా మోచెయ్యి గిచ్చింది. "ఏడో నెల పిల్ల" అని వాళ్లకు చెప్పి, నా వైపు తిరిగింది. "నీ లెక్కలు పొలం కాడ పెట్టుకో."

"వారాలు ఎక్కడికి పోతయి?"

"నేను ఏడంటే ఏడు. నోరు మూసుకొని చాయ్ తాగు."

చాయ్ తాగాను. పిల్ల దక్కింది. నా భార్య తన లెక్కే సరైనదని ఈనాటికీ అంటుంది.

గాజు పెట్టెలోనుంచి తీసే ముందు మాడు మీద చిన్న యంత్రం పెట్టి తలలోకి చూశారు. కొన్నాళ్లకు మళ్లీ చూశారు. రెండోసారి డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి, కాగితం మీద బొమ్మ గీశాడు. మెదడు నడుమ నీళ్లుండే గదులు ఉంటాయట. వాటి చుట్టూ తెల్లటి భాగం. అది తీగల కట్ట. మెదడు చెప్పిన మాటను ఒంటికి అందించేవి ఆ తీగలే. నెలలు నిండని పిల్లలకు అక్కడికి నెత్తురు సరిగ్గా అందకపోయినా, ఊపిరి తడబడినా, ఆ తెల్ల భాగమే ముందు దెబ్బ తింటుందట. మా పిల్లకు అక్కడ చిన్న చిన్న గుంటలు పడ్డాయి. కాళ్లకు పోయే తీగలు నీటి గదులకు మరీ దగ్గర నుంచి పోతాయి కనుక ఇబ్బంది వస్తే ముందు కాళ్లకే రావచ్చు, తర్వాతే చేతులకు అన్నాడు.

ఇది నాకు వెంటనే అర్థమైంది. చెరువు అంచున ఉండే భూమిని మేం శిఖం అంటాం. నీళ్లు పెరిగినా ముందు మునిగేది అదే, ఊళ్లో తగాదా వచ్చినా ముందు పోయేది అదే. మా మనవరాలి కాళ్లకు శిఖం భూమి వచ్చింది.

"నడుస్తదా సార్?" అని మా బిడ్డ అడిగింది.

"ఇప్పుడే చెప్పలేనమ్మా. కాళ్లను కనిపెట్టుకొని ఉండండి. మళ్లీ చూపించండి."

కనిపెట్టుకొని ఉన్నాం. అందులో లోపం లేదు. ఇంటిల్లిపాదీ ఆ కాళ్లనే చూశాం. అయితే మా ఊళ్లో కాళ్ల జబ్బు అంటే పోలియో. సన్నబడి, చల్లబడి, తుండుగుడ్డలా వేలాడే కాలు. మేం ఎదురుచూసింది అలాంటి కాలు కోసం. అది రాలేదు.

నీళ్లు పోసేది నా భార్యే. కాళ్లు చాపుకుని పీట మీద కూర్చుని, పిల్లను మోకాళ్ల మీద పడుకోబెట్టి, నూనె రాసి, కాలూ చెయ్యీ సాగదీసి పోస్తుంది. మూడో నెల నుంచే ఆమె ఈ మాట మొదలుపెట్టింది.

"డాక్టరుకు ఏం తెల్సు? ఈ కాళ్లు చూడు. ఇనుపకడ్డీలు! వంచుదామంటె వంగుతలేవు."

ఇంకో విశేషం కూడా ఉంది. నీళ్లు పోయడానికి గుడ్డ విప్పగానే పిల్ల రెండు కాళ్లూ ఒకదాని మీద ఒకటి కత్తెరలా వేసి బిగించేది. విడదీయాలంటే నా భార్యకు రెండు చేతులూ కావలసి వచ్చేది.

"ఆడపిల్ల గదా" అంది నా భార్య మురిసిపోతూ. "గిప్పటి నుంచే సిగ్గు."

వాడకట్టు ఆడవాళ్లు వచ్చి ఆ సిగ్గును చూసిపోయారు. ఒకామె తన కోడలికి చెప్పింది: "జర చూసి నేర్చుకో."

పుట్టి నాలుగు నెలలప్పుడు పిల్ల విల్లులా వెనక్కి వంగి, ఒక్క గుంజు గుంజుకుని బోర్లపడింది. నా లెక్కలో ఆమెకు రెండు నెలలు కూడా నిండలేదు. రెండు నెలల్లో బోర్లపడే పిల్ల ఉంటుందని నేను వినలేదు. నేను అంచనా వేసిన గుంటల కంటే పొలం ఎక్కువ తేలినప్పుడు ఉండే సంతోషం లాంటిది కలిగింది. బోర్లపడితే బూరెలు, కూర్చుంటే కుడుములు, అడుగేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు అని మా లెక్క. నా భార్య బూరెలు చేసి వాడకట్టంతా పంచింది.

కబురు విని మరిపెడ నుంచి వియ్యపురాలు వచ్చింది. పిల్లను చంకల కింద పట్టి తొడ మీద నిలబెట్టింది. పిల్ల వేళ్ల కొసల మీద నిటారుగా నిలబడింది. మడమలు కింద ఆనలేదు.

"చూడే అన్నా, ఎట్ల నిలబడ్డదో! మావోళ్ల కాళ్లు ఇవి. మా అత్త మూడు కోసులు నడిచి కూలికి పోయేది."

"మా దిక్కు కాళ్లే వదినా" అంది నా భార్య.

కాళ్లు ఎవరి వంశానివన్న దాని మీద ఆ రోజంతా గడిచింది.

తర్వాతి నెల బిడ్డ అత్తగారింటికి పోయింది. మళ్లీ చూపించమన్నారు కనుక మహబూబాబాద్‌లో పిల్లలకు కసరత్తులు చేయించే చోటికి తీసుకుపోయాం. బిడ్డ, అమ్మమ్మా నాయినమ్మలిద్దరూ, నేను. అక్కడి ఫిజియోథెరపీ మేడం మా బిడ్డ వయసుదే. తండా నుంచి వచ్చిన ఒక తల్లితో వాళ్ల భాషలో ఏదో చెప్పి నవ్వించి, మా వైపు వచ్చింది. పిల్ల పాదం పట్టుకుని నెమ్మదిగా పైకి వంచింది. మోకాళ్లు పట్టి పక్కలకు తీయబోయింది. కాళ్లు తెరుచుకోలేదు.

"నీళ్లు పోసేటప్పుడు కాళ్లు గిట్ల కత్తెర పడతయా అమ్మా?"

"పడతయి" అంది నా భార్య. "సిగ్గు ఎక్కువ బిడ్డకు."

మేడం నవ్వలేదు. "నిలబెడితే మునివేళ్ల మీద నిలబడుతదా?"

"నిలబడుతది!" అంది వియ్యపురాలు. "అయిదో నెలల్నే!"

"బోర్లపడేటప్పుడు మెల్లగ తిరుగుతదా, ఒక్కసారే గుంజుకుంటదా?"

నేనే చెప్పాను. "గుంజుకుంటది."

మేడం పిల్లను ఒళ్లో పెట్టుకుని, కాళ్లను మెల్లగా ఊపుతూ చెప్పింది. ఇది బలం కాదు, బిగువు. మెదడు 'వదులు' అని చెప్పే మాట కాళ్లకు చేరడం లేదు. అందుకే కండరాలు బిగుసుకుని ఉంటున్నాయి. అలాగే వదిలేస్తే కండరాలు కురచబడతాయి. ఈ రోజు నుంచే సాగదీయాలి, కానీ నీళ్లు పోసేటప్పుడు లాగినట్టు కాదు.

వియ్యపురాలు అంది. "మరి బూరెలు పంచితిమి గదా."

"బూరెలు మంచిగయినయా?"

"అయినయి."

"తిన్నోళ్లు తిన్నరు. వాపస్ అడగలేం. కుడుములకు మాత్రం జర టైం పడతది."

బిడ్డ దవాఖానలో అడిగిన మాటే మళ్లీ అడిగింది. "నడుస్తదా మేడం?"

"మాట ఇయ్యలేనక్కా. రెండేండ్లు వచ్చేలోపు ఏ ఆసరా లేకుంట కూసుంటే మాత్రం ఆశ బాగుంటది."

"ఏ రెండేండ్లు మేడం?" అని నేను అడిగాను. "పుట్టిన లెక్కనా, పుట్టాల్సిన లెక్కనా?"

"పుట్టాల్సిన లెక్క."

"నీ పుట్టాల్సిన లెక్క నువ్వూ" అంది నా భార్య. కానీ గిచ్చలేదు.

ఆ తొమ్మిది వారాలు మాకు పనికి వచ్చాయి. బిడ్డ పిల్లను తీసుకుని భూపాలపల్లి క్వార్టరుకు చేరింది. మేడం నేర్పిన కసరత్తులు పొద్దునా సాయంత్రం చేయించింది. అల్లుడు గని నుంచి వచ్చి, ఒళ్లు కడుక్కుని, మిగతావి చేయించేవాడు. పిల్ల ఏడుస్తుంటే బయటికి పోయి నిలబడి, ఊరుకున్నాక మళ్లీ లోపలికి వచ్చేవాడు. రెండో పుట్టిన రోజు వచ్చింది. పిల్ల గోడకు ఆనుకుంటేనే కూర్చుంటోంది. కేకు కోశారు, ఎవరూ పెద్దగా తినలేదు. తొమ్మిది వారాలు ఇంకా ఉన్నాయని నేను అన్నాను. ఆరో వారంలో బిడ్డ ఫోన్ చేసింది. "బాపూ, గిన్నెల నడుమ ఒక్కతే కూసున్నది. గిన్నెలు గుంజేసిన. అయినా కూసున్నది."

వియ్యపురాలు మరిపెడలో కుడుములు చేసింది. నేను నా భార్య వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. అప్పటికే ఆమె ఒక ఒట్టు పెట్టుకుంది. పిల్ల అడుగు వేసేదాకా మా ఇంట్లో అరిసె నూనెలో పడదు. పండుగలు వచ్చాయి, పోయాయి. సకినాలు చేసుకున్నాం. అరిసె అనే మాట మా ఇంట్లో వినపడలేదు.

మొన్న చలికాలంలో పిల్లకు ప్లాస్టిక్ బూట్లు, చక్రాల వాకరు వచ్చాయి. నాలుగో ఏడు నడుస్తోంది. వాకరు పట్టుకుని గది ఈ గోడ నుంచి ఆ గోడకు పోయిందని బిడ్డ చెప్పింది. మేమూ వియ్యపురాలూ భూపాలపల్లికి పోయాం. పిల్ల మాకు చూపించింది. మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. పాదం లేపి ముందు వేయడానికి ఒళ్లంతా పని చేస్తోంది. కానీ గోడ చేరింది.

నా భార్య అరిసెలకు బెల్లం సంగతి ఎత్తింది. వియ్యపురాలు అడ్డం పడింది.

"ఆగు వదినా. పట్టుకొని నడిస్తె నడకైతదా? చేతులు ఇడిచినంక చేద్దాం."

"చేతులు ఎన్నడు ఇడుస్తదో" అన్నాడు అల్లుడు.

అందరూ నా వైపు చూశారు. పొలం గెట్టు తగాదాలో చూసినట్టు. నేను లెక్క మొదలుపెట్టబోయాను. ఈలోపు మా బిడ్డ, పిల్ల బూట్ల పట్టీలు విప్పుతూ, తల ఎత్తకుండా అంది.

"అత్తమ్మా, పొద్దున బాత్‌రూంకు గోడ పట్టుకోకుంట పోయిన్రా మీరు?"

వియ్యపురాలికి మోకాళ్ల నొప్పులు. గోడ పట్టుకోకుండా ఆమె ఎక్కడికీ పోదు. కొంచెంసేపు తన మోకాళ్ల వైపు చూసుకుంది.

"బెల్లం తెప్పియ్యి" అంది కొడుకుతో. "నల్లది తేకు."

మర్నాడు అరిసెలు అయ్యాయి. ఒట్టు వల్ల ఇన్నేళ్లు చేయక నా భార్యకు చెయ్యి తప్పింది. పాకం ముదిరింది. పంచడానికి బిడ్డ పళ్లెం సర్దుతుంటే పిల్ల "నేను పంచుత" అంది. రెండు చేతులూ వాకరు మీద ఉంటాయి కనుక పళ్లెం పట్టుకోలేదు. అల్లుడు గుడ్డ సంచి తెచ్చి వాకరుకు కట్టాడు. గడప దగ్గర చెక్క పలక వేశాడు. పిల్ల ఏటవాలుగా దిగి వాకిట్లోకి వచ్చింది. పక్కింటివాళ్లు అయ్యో అంటూ ఎదురు రాబోయారు.

"ఎవ్వరూ రావద్దు!" అని మా బిడ్డ వాకిట్లో నుంచి అరిచింది. "ఎవళ్ల గుమ్మంల వాళ్లు ఉండున్రి. అదే వస్తది."

ఎవరి గుమ్మంలో వాళ్లు నిలబడ్డారు. అరిసెకు గుమ్మంలో అంతసేపు నిలబడిన జనాన్ని నేను చూడలేదు. క్వార్టర్ల వరుస చివరి ఇంట్లో ఉండే, అందరూ ఖాలా అని పిలిచే ముసలామె కుర్చీ తెచ్చుకుని కూర్చుంది. "ఫికర్ లేదు బేటీ, నేను యాడికి పోను. నువ్వే రా" అని కేకేసింది. పిల్ల ఆమెను చేరేసరికి చెమటతో తడిసిపోయి ఉంది. ఖాలా ఒక అరిసె తీసుకుని కొరికింది. మళ్లీ కొరికింది.

"జర గట్టిగున్నయి."

"అమ్మమ్మ చేసింది" అని పిల్ల చెప్పేసింది.

మా గుమ్మంలో వియ్యపురాలు గోడ పట్టుకుని నిలబడి చూస్తోంది. "గడప గుడ దాటింది గదా అన్నా. గారెలకు పప్పు నానపెట్టాలెనా?"

"పలక వేస్తే దాటింది" అన్నాను. "పలక వేసినంక అది గడప లెక్కకు రాదు."

"నీ టేపు ఇంట్ల పెట్టుకో" అంది. నా భార్య తోడబుట్టినదే అనుకోవచ్చు. పప్పు డబ్బా కోసం గోడ పట్టుకుంటూ లోపలికి పోయింది.

సంచిలో అరిసెలు ఇంకా మిగిలాయి. ఇంటికి తిరిగి వస్తుందనుకుని బిడ్డ ఎదురు పోయింది. పిల్ల వాకరును మెల్లగా, కొంచెం కొంచెంగా, ఎదుటి వరుస ఇళ్ల వైపు తిప్పుతోంది.