మూడుసార్లు పేరు పెట్టి

1996 మార్చిలో ఒక మంగళవారం, పోర్టు టగ్గులో ముప్పై ఏళ్ళు ఇంజను నడిపి రిటైరైన పెద్దాయన శవయాత్రలో సైరన్ మోగింది. ఓడ బయల్దేరినట్టు తనను పంపించాలని ఆయన కోరిక. ఏర్పాట్లు చూసిన షామియానాల జగ్గారావు చేత్తో తిప్పే సైరన్ ఒకటి ఎక్కణ్ణుంచో సంపాదించి, వీధి మలుపు రాగానే తిప్పాడు. ఆ మలుపులో లేతు మిషన్ల వర్క్‌షాపు ఒకటుంది. లోపలున్న పన్నెండు మందీ పని ఆపి, చేతులు కడుక్కుని, కేరేజీలు విప్పి భోజనానికి కూర్చున్నారు. అప్పుడు టైము పది నలభై. ఓనరు కేకలేస్తూ బయటికొచ్చి, పాడెను చూసి, చెప్పులు విప్పి దణ్ణం పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. ఒంటి గంటకి తినడానికి ఎవరి దగ్గరా ఏమీ లేకపోయింది. మర్నాడు జగ్గారావు వెళ్ళి రెండు డజన్ల అరటిపళ్ళు ఇచ్చొచ్చాడు.

జగ్గారావుది చీపురుపల్లి దగ్గర పల్లె. కుర్రతనంలోనే పోర్టులో ఖలాసీగా చేరాడు. ఓడలో సరుక్కి తాళ్ళు కట్టి క్రేనుకి తగిలించే పని. ఎడమచేతి వేలొకటి తాడు కింద నలిగాక ఆ పని మానేసి, సీతమ్మధారలో మా ఇంటి వెనక వీధిలో షామియానాల షాపు పెట్టాడు. పెళ్ళిళ్ళన్నీ ద్వారకా నగర్‌లోని పెద్ద దుకాణాలకు పోయేవి. ఇతనికి చావులు మిగిలాయి.

"పెళ్ళికి మైసూరుపాకు ఏ సైజులో కొయ్యాలో కూడా సెప్తారు. సావుకి ఒక్క మాటా సెప్పరేటి?" అని అతని బాధ. పోయాక అడగడం కుదరదు కాబట్టి ముందే అడగడం మొదలుపెట్టాడు. షాపుకొచ్చినవాళ్ళనీ, ఇళ్ళకెళ్ళి పెద్దవాళ్ళనీ అడిగి, వాళ్ళ కోరికలు ఒక పొడుగు నోటు పుస్తకంలో రాసుకునేవాడు. ముగ్గురు నలుగురు తిట్టారు. ఒకాయన కుక్కని వదిలాడు. మిగిలినవాళ్ళు మాత్రం, కాస్త అటూ ఇటూ చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పేవారు. జగ్గారావు ప్రశ్నలు మూడే: ఏ పాట పెట్టాలి, దినం నాడు ఏం వండాలి, ఎవరు రాకూడదు. మూడో ప్రశ్నకి అందరూ తడుముకోకుండా తోడల్లుడి పేరు చెప్పేవారు.

సిటీ బస్సు డ్రైవరు ఒకాయన తన రూటులోనే ఆఖరిసారి వెళ్తానన్నాడు. బస్సు దొరక్క జగ్గారావు వ్యానుకే రూటు బోర్డు కట్టించి, ప్రతి స్టాపులోనూ అర నిమిషం ఆపించాడు. కాంప్లెక్స్ బస్టాండు దగ్గర ఇద్దరు ఎక్కబోయి, లోపలికి చూసి దిగిపోయారు.

2003లో శ్రీరామ్మూర్తి గారు ఆ షాపు మెట్లెక్కారు. వాళ్ళది కోనసీమ. స్టీలు ప్లాంటులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. గుండె ఇంకెన్నాళ్ళో లాగదని డాక్టరు చెప్పేశాడు. ఆయన ఆ మాట కరెంటు కోత వేళలు చెప్పినంత మామూలుగా జగ్గారావుకి చెప్పారు.

"పాటేటి పెట్టమంటారు బాబూ?"

"పాటొద్దు. దింపుడు కళ్ళం ఉంటుంది కదా, దాని గురించి వచ్చాను."

దారి మధ్యలో పాడె దింపి, ఏ మూలో ప్రాణం ఉందేమోనని, పోయినవాళ్ళ చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారే, అది. కొడుకో అన్నో పిలుస్తారు.

"నన్ను మా ఆవిడ పిలవాలి," అన్నారు శ్రీరామ్మూర్తి గారు. "ముప్పై ఎనిమిదేళ్ళయింది పెళ్ళయి. ఒక్కసారీ నా పేరు పలకలేదయ్యా."

"అయితే ఇప్పుడే పిలిపించుకోండి. సచ్చిపోయాక ఇనబడుతాదేటి?"

"ఇరవై ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నాను. నవ్వేసి వంటింట్లోకి పోతుంది. ఆ రోజైతే నేను పలకను కదా, సిగ్గు పడక్కర్లేదు."

ఆయన భార్య కాంతం గారి సంగతి మా వీధికంతటికీ తెలుసు. రేషన్ షాపులో ఇంటి యజమాని పేరడిగితే "మా నిఖిత వాళ్ళ నాన్నగారు" అనేది. బ్యాంకులో కాగితం మీద రాసిచ్చేది. శ్రీరామనవమిని "పానకాల పండగ" అనేది. మొగుడి పేరు పలికితే ఆయువు తగ్గుతుందని చిన్నప్పుడు వాళ్ళ అమ్మమ్మ చెప్పిందట.

జగ్గారావు ఆవిడతో మాట్లాడ్డానికి వెళ్తే మొదటిరోజు గుమ్మంలోంచే పంపేసింది. "బతికున్న మనిషి ఇంటికి నువ్వెందుకొచ్చావయ్యా? నీ మొహం చూస్తేనే భయం!" అంది. రెండోరోజు మజ్జిగ ఇచ్చింది. మూడోరోజు, "ఆయన నిజంగా అడిగారా?" అంది మెల్లగా.

"ఇంకేటీ అడగలేదమ్మా. పుస్తకంలో అదొక్కటే రాయించారు."

ఆవిడ చాలాసేపు చీర కొంగు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. "ఆ రోజున నోరు రాకపోతే? ఆయన కోరింది ఒక్కటి, అదీ నేను చెడగొడితే?"

"నాను నేర్పుతాను," అన్నాడు జగ్గారావు.

మధ్యాహ్నాలు ప్రాక్టీసు మొదలైంది. కాంతం గారు "శ్రీ" అనేది, ఆగేది, పప్పు మాడుతోందని లోపలికి పరుగెత్తేది. పొయ్యి మీద పప్పే ఉండేది కాదు. పక్క గదిలో శ్రీరామ్మూర్తి గారు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవారు. పేపరు తలకిందులుగా ఉందని కూతురు నిఖిత వచ్చి తిప్పి పెట్టి వెళ్ళేది.

"లోడు ఒక్కసారే లేపకూడదమ్మా," అని జగ్గారావు తన పాత విద్య బయటికి తీశాడు. "ముందు జానెడు లేపి ఆపాల. తాడు నిలిసిందా లేదా సూడాల. అప్పుడు పైకెత్తాల. ఈ వారం ‘శ్రీ’ సాలు. పై వారం ‘రామ’ తగిలిద్దాం."

నెల తిరిగేసరికి ఆవిడ "శ్రీరామ" దాకా వచ్చింది. అది దేవుడి పేరు కూడా కాబట్టి ఇబ్బంది లేదని తనకి తనే సర్దిచెప్పుకుంది. "మూర్తి" మాత్రం కదల్లేదు.

దీపావళి వెళ్ళిన వారానికి, ఒక పొద్దున్న కాఫీ సగం తాగి, గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టి, శ్రీరామ్మూర్తి గారు వెళ్ళిపోయారు.

ఆయన అన్నగారు నరసింహమూర్తి గారు అమలాపురం నుంచి దిగారు. "ఆడవాళ్ళు శవం వెంట రావడం మా ఇంటా వంటా లేదు," అన్నారు. జగ్గారావు చేతులు కట్టుకుని, "శ్మశానం దాకా కాదు బాబూ, మన వీధి చివరి దాకే. పాడె అక్కడే దింపిస్తాను," అన్నాడు. దింపుడు కళ్ళం ఫలానా చోటే ఉండాలని ఎక్కడుందో పెద్దాయనకు వెంటనే తట్టలేదు. తట్టేలోపు పాడె లేచింది.

వీధి చివర, ఇస్త్రీ బండి పక్కన దింపారు. నిఖిత తల్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. కాంతం గారు వంగి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఏమండీ," అంది.

ఆవిడ జగ్గారావు వైపు చూసింది. అతను క్రేను ఆపరేటరుకి సైగ చేసినట్టు, అరచెయ్యి పైకి తిప్పి, మెల్లగా లేపాడు.

"శ్రీ..." అంది. "శ్రీరామ..." అంది. అక్కడ ఆగిపోయింది. మళ్ళీ "శ్రీరామ" అంది. మళ్ళీ. ఆరోసారికి, "మూర్తి గారూ," అని సన్నగా వచ్చింది. తర్వాత ఇంకాస్త గట్టిగా, "శ్రీరామ్మూర్తి గారూ!" అంది. ఆ పైన గారూ గీరూ తీసేసి, వీధి మొత్తం వినపడేలా, "శ్రీరామ్మూర్తీ! శ్రీరామ్మూర్తీ!" అని పిలిచింది. మేడల మీద బట్టలారేస్తున్నవాళ్ళు తొంగి చూశారు. నిఖిత ఏడుస్తూ ఏడుస్తూ నవ్వేసింది.

ఆవిడ లేచి, కొంగుతో మొహం తుడుచుకుని, కూతురితో, "పేరు బాగుందే," అంది.

పదకొండో రోజున భోజనాలయ్యాక నరసింహమూర్తి గారు జగ్గారావుని పక్కకి పిలిచారు. పది రోజులు ఆపుకున్న మాట అది.

"చూడవయ్యా, ఎక్కడైనా మూడుసార్లే పిలుస్తారు. మా మరదలి చేత తొమ్మిదిసార్లు పిలిపించావు. నేను లెక్కపెట్టాను. ఇదేం పద్ధతి?"

జగ్గారావు కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"మొదటి ఆరూ గొంతు సవరించుకోడానికే బాబూ, పిలవడం మూడుసార్లే పిలిసింది."