అగర్బత్తితో పాటు ఆగిపోయిన రీస్టార్ట్

2023 వానకాలం. నాందేడ్‌ల ఒక ప్రైవేటు దవాఖాన, రెండో అంతస్తుల ఎనిమిది మంచాల ఐసీయూ. అక్కడి కంప్యూటర్లు, వాటిని కలిపే నెట్‌వర్క్, కెమెరాలు అన్నీ చూసుకునే కాంట్రాక్టు అప్పుడు నాది. దవాఖాన పేరు చెప్పను. నా పేరు చెప్పినా ఎవరూ గుర్తుపట్టరు, బజార్ల అందరికీ నేను గప్పాల మాస్టర్‌నే, అంటే కోతలు కోసేటోన్ని.

ఆ పేరు ఊరికే రాలేదు. రిపేరుకు పోయిన చోట అసలు కారణం చెప్తే వినేటోళ్లు ఆవలిస్తరు, కథ చెప్తే చాయ్ తెప్పిస్తరు. ఉమ్రిల ఒక ఎలుక ఫైబర్ కేబుల్ కొరికిందని, వారం రోజులు దాని కండ్లల్ల నుంచి టార్చిలైట్ లెక్క వెలుతురు వచ్చిందని నేను చెప్పిన కథ నాకంటే ముందే ముద్ఖేడ్ చేరింది. అక్కడ ఒకాయన ఆ ఎలుకను తన కండ్లతో చూసిన్నని నాకే చెప్పిండు.

ఇక అసలు సంగతి. ఐసీయూల ప్రతి మంచం కాడ ఒక మానిటర్ ఉంటది. గుండె ఎంత కొట్టుకుంటుంది, ఒంట్ల ఆక్సిజన్ ఎంతుంది అని కొలుస్తది. ఆ అంకెలు నెట్‌వర్క్ మీద సిస్టర్ల టేబుల్ కాడున్న పెద్ద స్క్రీన్‌కు వస్తయి. దాన్ని సెంట్రల్ మానిటర్ అంటరు. ఎనిమిది గుండెలు ఒక్క అద్దంల కనబడతయి.

ఆ వానకాలానికి ముందు, ఎండకాలంల సెంట్రల్ మానిటర్ రెండు మూడు సార్లు మందకొడిగ నడిచింది. నేను పోయి ఆపి మళ్లీ చాలూ చేసిన, మంచిగైంది. అప్పటి ఇన్‌చార్జి సిస్టర్ మంగల్ మౌశీ, రిటైర్మెంట్‌కు దగ్గరున్న పెద్దమనిషి. రోజూ పొద్దున ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కంగనే టేబుల్ మీద దేవుని ఫోటోకు అగర్బత్తి ముట్టిస్తది. "కాయ్ ఝాలా భావు? ఏమైంది దీనికి?" అని అడిగింది.

"మౌశీ, మిషిన్‌కు గూడ రోజూ తానం పోయాలె," అన్న. "అగర్బత్తి కాంగనే దీన్ని రీస్టార్ట్ చెయ్యి. ఒక దవాఖానల తానం పోయక ఇడిసిపెడితే, నిన్న పోయిన మనిషి గుండె ఇయ్యాల గూడ స్క్రీన్ మీద కొట్టుకుంటనే ఉండె."

"అగ్గ బాయి!" అని మౌశీ చెంపలేసుకుంది. సిస్టర్లందరూ నవ్విండ్రు. మరునాటి నుంచి అగర్బత్తి, తరువాత రీస్టార్ట్. ఒక్కనాడు తప్పలే.

అది కథ. కారణం వేరే. వారానికే నాకు తెలిసింది, ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది.

నెట్‌వర్క్ మీద ఏది పంపినా ప్యాకెట్లుగ, అంటే చిన్న చిన్న మూటలుగ పోతది. మూట పెద్దగుంటే ముక్కలైతది. ముక్క రాంగనే ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని మెమరీల ఒక మూలకు పెట్టి, మిగిలిన ముక్కల కోసం చూస్తది. అవి రాకపోతే ఇంత సేపని చూసి, ఉన్నదాన్ని పారేసి జాగ ఖాళీ చెయ్యాలె. మా మిషిన్‌ల ఉన్న పాత వెర్షన్ ఆ పారేసుడు మరిచిపోతుండె. మోండా మార్కెట్ కాడి చాయ్ హోటల్ నుంచి దుకాన్లకు గ్లాసులు పోతయి. ఒక్క గ్లాసు గూడ వాపస్ రాకపోతే సాయంత్రానికి చాయ్ మసులుతనే ఉంటది గని పోసేటందుకు గ్లాసుండది. దీన్నే మెమరీ లీక్ అంటరు. రీస్టార్ట్ చేస్తే గ్లాసులన్నీ ఒక్కసారే వాపస్ వచ్చినట్టు మెమరీ ఖాళీ అయితది. ఎవడన్న దుర్మార్గుడు కావాలని సగం ముక్కలు పంపుకుంట పోతే మిషిన్ బిగుసుకుపోతదని, వెంటనే అప్‌డేట్ వేసుకోమని ఆ మెయిల్‌ల ఉంది.

మా కాడికి ఏ దుర్మార్గుడూ రాలే. నేనే చాలు. కెమెరా రికార్డర్‌కు వేరే తీగ లాగే బద్ధకంతోని ఐసీయూ నెట్‌వర్క్ తీగలన్నీ కలిసే స్విచ్ డబ్బల ఒక రంధ్రం ఖాళీగుంటే దాంట్లనే గుచ్చిన. అది దినమంత అక్కడున్న అన్ని మిషిన్లకు సగం సగం ముక్కలు ఊసుకుంట కూసుంది.

అప్‌డేట్ వెయ్యాలంటే సగం రోజు స్క్రీన్ ఆపాల్సి వస్తదేమో, డాక్టర్‌సాబ్‌ను ఎవడు ఒప్పియ్యాలె అనుకున్న. రోజూ రీస్టార్ట్ అయితనే ఉన్నది గద. తరువాత చూద్దమని మెయిల్‌కు చుక్క గుర్తు పెట్టి పక్కకు పెట్టిన.

జూలైల మౌశీ రిటైరైంది. ఆమె జాగల సునీత సిస్టర్ వచ్చింది. చదువుకున్న మనిషి, పని కాడ ఖచ్చితం. వచ్చిన మొదటి దినమే అగర్బత్తి బంద్ చేసింది. ఆక్సిజన్ పారే జాగల నిప్పేంది అన్నది. నూటికి నూరు పాళ్లు నిజం. అగర్బత్తితో పాటు మిషిన్ తానం గూడ బందైంది. రెండూ ఒక్క పూజలనే ఉండె గద.

మూడు వారాలు పోయినయి. ఆరో మంచం మీద లచ్చవ్వ. కుండల్‌వాడిల కిరాణం దుకాన్ నడిపే గంగాధర్ సేట్ భార్య. గుండెపోటుతోని వచ్చి నాలుగు దినాలైంది, కోలుకుంది, మరునాడు జనరల్ వార్డుకు పంపుతమన్నరు. అద్దాల గది, తలుపు దగ్గరగ వేసి ఉంది. నిద్ర చెడకుండ మంచం కాడి మానిటర్ చప్పుడు తగ్గించిండ్రు, టేబుల్ కాడ పెద్ద స్క్రీన్ ఉన్నదన్న భరోసాతోని.

మధ్యాహ్నం డ్యూటీలు మారే వేళ. సునీత స్క్రీన్ మూలకున్న టైం చూసింది: 1:47. చేతి గడియారం చూసుకుంది: 2:05. స్క్రీన్ ఆగి పద్దెనిమిది నిమిషాలైంది. చప్పుడు తగ్గించిన ఆరో మంచం కాడికే ఒక్క ఉరుకుల పోయింది. స్క్రీన్ మీద లచ్చవ్వ గుండె నిమ్మలంగ 78 అని చూపెడుతుంది. మంచం మీద ఆ గుండె ఎప్పుడాగిందో ఎవలకూ తెల్వది. డాక్టర్లు ఛాతి ఒత్తిండ్రు, కరెంటు పెట్టిండ్రు. చెయ్యాల్సిందంత చేసిండ్రు. పొద్దుగూకకముందే లచ్చవ్వ లేదన్నరు.

నన్ను పిలిచిండ్రు. మిషిన్‌ల చూస్తే మెమరీ నిండిపోయి ఉంది. ఏ దినానికి ఎంత నిండిందో మెట్లు మెట్లుగ గీత ఎక్కింది. మొదటి మెట్టు అగర్బత్తి బందైన దినానిది.

డాక్టర్‌సాబ్ తన గదిల సునీతను నిలబెట్టిండు. నాతోని అన్నడు, "భావు, రిపోర్ట్ రాయి. రోజూ చేసే రీస్టార్ట్ ఈమె ఆపింది. ఖరేనా? నిజమేనా?"

సునీత నా దిక్కు చూసింది. "సర్, నాకు మిషిన్ తానం అని చెప్పిండ్రు. నేను నర్సింగ్ చదివిన. మిషిన్‌కు తానం పోస్తనా?"

అప్పుడే తలుపు తోసుకొని గంగాధర్ సేట్ వచ్చిండు. ధోతి అంచు చేతుల పట్టుకొని నా ముందట నిలవడ్డడు.

"తమ్మీ, నువ్వు మనోడివంట. మరాఠీల శానా చెప్పిండ్రు, నా తలకెక్కలే. తెలుగుల చెప్పు. ఆ డబ్బ ఎందుకాగింది?"

ఇరవై రెండేండ్ల అలవాటు. నేను తెలిసి అనలే, నోరే అన్నది. "పిడుగు, సేట్. లైన్ల పిడుగు పడ్డది."

సేట్ కిటికీ దిక్కు చూసిండు. "పొద్దటిసంది వరండలనే కూసున్న తమ్మీ. ఇయ్యాల వానే పడలే."

నా కథను ఎవలన్న అట్ల నిలదీసుడు అదే మొదటిసారి. కోపంతోని అనలే ఆయన. నిజంగనే అర్థంకాక అడిగినట్టు అన్నడు.

అప్పుడు చెప్పిన. ముక్కల సంగతి, మెయిల్ సంగతి, చుక్క గుర్తు, కెమెరా తీగ, తానం కథ. సునీత తప్పేం లేదని, ఆమెకు ఎవలూ కారణం చెప్పలేదని, చెప్పాల్సింది నేనని డాక్టర్‌సాబ్ ముందట మరాఠీల మళ్లీ చెప్పిన. అదే కాయితం మీద రాసి సంతకం పెట్టిన.

సేట్ అంతా విన్నడు. "నేను బయట కూసొని అద్దంలకెళ్లి పెద్ద స్క్రీన్ మీది ఆ డెబ్బై ఎనిమిదినే చూస్తున్న," అన్నడు. "ఒక్కసారి గూడ మారకపోతే, ఎంత నిమ్మలంగున్నదో అనుకున్న." ఎనక్కి తిరిగి ఎళ్లిపోయిండు.

సునీతకు మెమో రాలే, ఆ నెలాఖరుకు ఆమెనే నౌకరి ఇడిసిపెట్టింది. నా కాంట్రాక్టు పోయింది. పోయేముందు అప్‌డేట్ నేనే వేసి పోయిన. సగం రోజని భయపడ్డ పని నలభై నిమిషాలల్ల అయిపోయింది.

ఇప్పుడు గూడ కథలు చెప్త, చాయ్ కాడ, రైల్ల. మిషిన్ ముందట చెప్ప. ఎక్కడ ఏ పని చెయ్యుమని చెప్పినా ఒక చీటి అతికిస్త: ఏం చెయ్యాలె, ఎందుకు చెయ్యాలె, చెయ్యకపోతే ఏమైతది. ఉత్త అలవాటుగ మిగిలిన జాగ్రత్తను ఎవలైనా తీసి పారేస్తరు, తెలివిగలోళ్లు అందరికంటే ముందు తీసేస్తరు. కారణం తెలిస్తే తియ్యరు.

మొన్న ఎండకాలం కుండల్‌వాడి నుంచి ఫోన్ వచ్చింది. గంగాధర్ సేట్. దుకాన్ కంప్యూటర్ ఆగిందన్నడు. ఊర్ల ఇంకో మెకానిక్ లేడా అని అడగాలనిపించింది, అడగలే. బస్సెక్కి పోయిన. పని అయినంక ఆయన స్టూల్ నా ముందటికి జరుపుకొని కూసున్నడు.

"ఎందుకాగింది?"

చెప్పిన. లోపలి చిన్న పంకల దుమ్ము నిండి వేడెక్కింది, అంతే.

"మల్ల చెప్పు."

మళ్లీ అదే చెప్పిన. సేట్ స్క్రీన్ మూలకున్న టైం చూసిండు. గోడ మీద గడియారం చూసిండు. నిమిషం మారేదాక రెండింటినీ చూస్తనే ఉన్నడు. మారింది.

"సరే," అన్నడు. "ఇగ పో తమ్మీ, బస్సు పోతది."