అవుట్ అని నేనే చెప్పాలి

మా బొగ్గు గనుల ఆటల పోటీలు చిన్న చిన్న దేశాల ఒలింపిక్స్‌లా ఉండేవి. ఒక్కో గని ప్రాంతానికి ఒక జెండా, ఒక రంగు టీషర్టు. కబడ్డీకి జనం విరగబడేవారు. ఆడవాళ్ల టెన్నిస్ సింగిల్స్‌కు నాలుగు పేర్లు వస్తే గొప్ప. నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉండగా, గని ఉద్యోగి కూతురిగా మణుగూరు తరఫున వెళ్లి, ఒక్క మ్యాచ్ గెలిచి, ఫైనల్‌కు వచ్చేశాను. ఫైనల్ గెలిస్తే పై పోటీలకు పంపుతారు. ఓడితే రాకెట్ పక్కన పెట్టి బీఈడీ ప్రవేశ పరీక్షకు చదవాలని నాన్న ముందే చెప్పాడు.

ఎదుటి మనిషి కొత్తగూడెం ఆఫీసులో పనిచేసే ఒక అక్క. ఆమె ఆటకు నేనంతగా భయపడలేదు. అంపైర్ సార్ మాటకే భయపడ్డాను.

"లైన్ల కాడ నిలబడెటోళ్లు లేరమ్మా. ఎవలి దిక్కు బయట పడితే వాళ్లే అవుట్ అని గట్టిగ చెప్పాలె. చెప్పకుంటే లోపల పడ్డట్టే."

తరగతిలో హాజరు పలికితేనే వినపడక నాకు ఆబ్సెంట్ వేసేవారు. మొదటి గేమ్‌లోనే బంతి నా వైపు గీతకు జానెడు అవతల పడింది. నోరు తెరిచాను, గొంతు రాలేదు. పాయింట్ అక్కకు పోయింది. ఇంకోసారీ అంతే.

రేకుల షెడ్డు కింద కూర్చున్న ఆడవాళ్లు నవ్వారు.

"గా పిల్లకు నోరు లేదా ఏందే?"

"ఆటకు గాదు, మౌనవ్రతానికొచ్చింది."

కంచె దగ్గర నుంచి నాన్న అరిచాడు. "గట్టిగ అను బిడ్డా! ఎవలన్న కొడ్తరా?"

అరచేతులు చెమటకు జారుతుంటే టీషర్టుకు తుడుచుకుంటూ ఆడాను. ఎలాగో ఇంకొక్క పాయింట్ వస్తే గెలుపు అన్నదాకా వచ్చాను. అక్క బంతిని నా తల మీదుగా ఎత్తి కొట్టింది. వెనక్కి పరుగెత్తాను. ఈసారి చెప్పకపోతే అయిపోయినట్టే అనుకున్నాను.

"అవుట్!"

నా అరుపు తర్వాతే బంతి నేలను తాకింది. సగం గీత మీద పడింది, అంటే లోపలే. మట్టిలో దాని మచ్చ, చెదిరిన సున్నం నా కాళ్ల ముందే ఉన్నాయి.

సార్ నా గెలుపు ప్రకటించాడు. చప్పట్లు.

అక్క నెట్ దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. "లోపల్నే పడ్డదనుకున్న చెల్లే. పోనీ, నువ్వన్నవంటే అవుటే. అవుటైనయి గూడ అడగకుండ ఇడిసినవ్ గదా."

"అక్కా..."

"ఏంది చెల్లే?"

షెడ్డు, కంచె, సార్, అందరూ ఇటే చూస్తున్నారు.

"మంచిగ ఆడిన్రు అక్కా," అన్నాను.

ఆమె నా చెంప తట్టి వెళ్లిపోయింది. సాయంత్రానికి పై పోటీలకు వెళ్లేవాళ్ల జాబితా అతికించారు, అందులో నా పేరుంది. అడవి దారిలో స్కూటర్ నడుపుతూ నాన్న పై పోటీల గురించి ఏవేవో చెబుతున్నాడు. నేను ఒక్కటే అడిగాను.

"గక్కడ లైన్ల కాడ మనుషులుంటరా నాన్నా?"