సైబువా మడిలో నీళ్ళు

కోత మిషను ఊళ్ళోకి వచ్చిన రోజు నుంచీ సైబువా కాలు ఒకచోట నిలవలేదు. పురుగుమందు చుక్క వెయ్యకుండా పెంచిన సువాసన వరి పండి తల వాల్చేసింది. తూము తీసి మడి ఆరబెడితే తప్ప మిషను దిగదు. తూము తీస్తే, మడి నడుమ నీళ్ళలో గూడు కట్టుకున్న సారస కొంగల జంటకి దిక్కు లేదు. ఎండిన మడిలోకి కుక్కలు రావడానికి ఎంతసేపు? గుడ్లు ఇవాళో రేపో పగలాలి. ఆ ఇవాళో రేపో వారం నుంచీ సాగుతూనే ఉంది.

జిగురన్నం ఆవిరికి పెట్టి గట్టు మీదికి పరిగెత్తేది. తిరిగొచ్చేసరికి కింద నీళ్ళింకిపోయి కుండ మాడి ఉండేది. వెదురు తడిక వెనక బడిపిల్లల్ని కూర్చోబెట్టి గూడు చూపిస్తున్నప్పుడు కూడా ఆమె కళ్ళు తూము మీదే. కొంగకి గట్లు తెలియవనీ, నీళ్ళుంటే అదే దాని ఇల్లనీ పిల్లలకి చెప్పేది. పక్క పొలం తొంగ్‌దా మనవరాలు కూడా ఆ పిల్లల్లో ఉంది. తొంగ్‌దా మాత్రం, సైబువా సేద్యం మానేసి కొంగలకి పురుడు పోస్తోందని ఊరంతా చాటాడు.

మిషను ఆమె గట్టు దాటి వెళ్ళిపోయింది. ఇక కొడవలే గతి, రాలింది రాలగా దక్కిందే దక్కుడు. సైబువా గట్టు మీద కూర్చుని ఏడ్చింది. తూము మాత్రం ముట్టుకోలేదు.

రెండు పిల్లలు బయటపడ్డాయి. ఆ సంబరమైనా నాలుగు రోజులు నిలిచిందా? మర్నాడే పెద్ద కొంగలు వాటిని వెంటేసుకుని గట్టు దాటి, తొంగ్‌దా చేలో ఇంకా తడారని పల్లపు మూలకి చేరాయి. అటు చివర మిషను అప్పటికే కోస్తోంది.

సైబువా బురద కాళ్ళతోనే పరిగెత్తి తొంగ్‌దా ముందు నిలబడింది. రొప్పుతూనే చెయ్యి చాపి చూపించింది.

"నీ మడి ముంచుకున్నది చాలక, వాటిని నా మీదికి తోలావా?"

"నేను తోలలేదన్నా. వాటికి గట్లు తెలీవు."

"తెలీవని మా మనవరాలు అన్నం దగ్గర రోజూ నా ప్రాణం తీస్తూనే ఉందిలే."

విసుక్కుంటూనే వెళ్ళి, ఆ మూల కొయ్యొద్దని డ్రైవరుకి చెప్పాడు. సైబువా ఇంటికొచ్చింది గాని గుమ్మంలోంచి ఆ చేను వైపే చూస్తూ ఉంది. ఆ మనిషి మనసు ఎంతసేపు నిలుస్తుంది?

పొద్దు వాలుతుండగా తొంగ్‌దా ఆమె ఇంటి మెట్ల కింద నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. చేతిలో కర్ర ఉంది.

"సైబువా, ఆ కుక్కలు ఏ వేళకొస్తాయే?"