పద్నాలుగో నంబరు అచ్చు

"రింగు తుడవను కూడా చేతకాలా ఆ ముసలోడికి" అని మా యతిరాజులన్నని ఎవురన్నా అంటే నాకు ఒళ్ళు మండతాది. ఎన్నూరు రోడ్డులో ఉండే మా వర్క్‌షాపులో ఇరవై రెండేళ్ళు ఆయన కొలత చూసేవాడు, నేను ముక్కలు కడిగి పెట్టెల్లో సర్దేదాన్ని. ఆయన సరే అన్న ప్రతి ముక్క మీదా పద్నాలుగో నంబరు అచ్చు పెట్టి సుత్తితో ఒక్కటి కొట్టేవాడు. ఆ అచ్చుని ఇంకొకరు ముట్టకూడదు.

సరిహద్దులో కాల్పులు మొదలైనాక ఫిరంగి గుండ్ల మూతి ముక్కలకి ఆర్డరు నాలుగింతలైంది. ఓనరు శ్రీకుమార్ సారు మిషన్లు కొనేసినాడు. మనుషుల్ని ఏడ కొంటాడు? పదిహేను రోజులు నేర్పించి కొత్తోళ్ళని నిలబెట్టినాడు. ముక్క కొలిచే ఉక్కు రింగులు మాకు రెండే. ఒకటి అరిగిందేమో చూడమని ల్యాబుకి పంపితే నెలైనా రాలా. ఊర్లో షాపులన్నీ గుండ్ల పనే చేస్తా ఉంటే ఆడ మాత్రం క్యూ ఉండదా?

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. ఏటా ఆ పొద్దు మిషన్లకీ సామాన్లకీ గంధం కుంకుమ పెట్టి వదిలేస్తాం. మర్నాడు కిరసనాయిలుతో అన్నీ తుడిచినాకే పని. ఈసారి సారు, "పూజైన గంటకి మిషన్ తిరగాల" అన్నాడు. బొట్లు పెట్టేదీ నేనే, తుడిచేదీ నేనే. రింగుకి పెట్టిన గంధం లోపలికి కారింది. ఆ హడావిడిలో పైపైన గుడ్డ తిప్పి ఇచ్చేసినా. పాపిష్టిదాన్ని! అది లోపల పొరగా ఎండిపొయ్యింది.

కొత్తోళ్ళు ఆ రింగులో పట్టేదాకా ముక్కల్ని సన్నం చేసినారు. అన్న కూడా అదే రింగుతో చూసి అచ్చు కొట్టినాడు. నాలుగోనాడు ల్యాబు నుంచి రెండో రింగు వచ్చింది. దాంట్లో ముక్క పెడితే లొడలొడా ఆడింది. ఇంకొకటి పెట్టినాడు, అదీ అంతే. పాత రింగు లోపల గోటితో గీకినాడు. గోట్లో గంధం. నాకల్లా చూసినాడు.

మొత్తం రెండు వేల ముక్కలు. సగం అప్పటికే లారీ ఎక్కేసినాయి.

"వెంట్రుకవాసి తేడా కూడా లేదు, వదిలెయ్ అన్నా. ఆర్డరు పోతే ఇరవైమంది రోడ్డున పడతారు" అన్నాడు సారు.

"గుండు గొట్టంలోనే పేలితే, ఆడ ఫిరంగి పక్కన నిలబడుండేవాడికి ఈ మాట మీరు చెప్తారా సారూ?" అని, అన్న అప్పుడే మిలిటరీవాళ్ళ ఇన్‌స్పెక్షన్ ఆఫీసుకి ఫోను చేసేసినాడు. లారీని దారిలోనే ఆపినారు.

మర్నాడు ఇద్దరు ఆఫీసర్లు వచ్చి మమ్మల్నందర్నీ నిలబెట్టి, "రింగు తుడిచింది ఎవరు?" అన్నారు.

"నేనే" అన్నాడు అన్న.

అచ్చు తీసుకుని ఆయన్ని పనిలోనుంచి తీసేసినారు. ఆర్డరు మాత్రం ఆగలా. గుండ్లు కావాల కదా! కొలత చూడను అనుభవం ఉండే మనిషి దొరక్క, ఆ పని నాకే ఇచ్చినారు. నా అచ్చు పదిహేను.

పొద్దున బస్టాపులో కనపడితే అన్న అడిగేది ఒకటే. "రింగు తుడిచినావా చెల్లమ్మా?"

"తుడిచినా అన్నా" అంటాను. ఆ పొద్దు తుడిచింది నేనని మాత్రం ఇంతవరకూ ఎవురికీ చెప్పలా.