చెల్లెలి గది

గడియారాలు బాగుచేసే ఆ పెద్దమనిషి దేన్నీ పైపైన నమ్మడు. చొక్కా కొన్నా తిరగేసి కుట్లు చూస్తాడు. చెల్లెలు కంప్యూటర్లో బొమ్మల్లేకుండా, టైపు చేసే మాటలతోనే నడిచే ఆటొకటి తయారుచేసి ఇచ్చింది. అందులో ఒక అన్నాచెల్లెళ్ల ఇల్లుంది; చెల్లెలి గది మాత్రం ఎంతకీ తెరుచుకోదు. తన గురించే ఏదో రాసి దాచిందని ఆయన భుజాలు తడుముకున్నాడు. ఆమె బజారుకెళ్లగానే, గడియారం వెనక మూత విప్పినట్టు ఆట ఫైలు విప్పాడు. 'ఎలా ఉన్నావని చెల్లెల్ని మూడుసార్లు అడిగితే తలుపు తెరవాలి' అని ఉంది. మూడు చెరిపి సున్నా పెట్టాడు. "ఇన్నిసార్లు అడిగావు కాబట్టి చెబుతున్నా అన్నయ్యా..." అంటూ గది తెరుచుకుంది. మిగతాది చదవబుద్ధి కాలేదు. సున్నా తీసి మళ్లీ మూడు పెట్టేశాడు. చెల్లెలు రాగానే గొంతు సవరించుకుని, "ఎలా ఉన్నావమ్మా?" అన్నాడు. ఆమె చేతిలో సంచీ దించకుండా కాసేపు ఆయన మొహంలోకి చూసింది.

"ఫైలు విప్పావు కదూ?" అంది.